అద్దం వెనక చరిత్ర – 7: కళ్ల కింద ఎర్ర లిప్‌స్టిక్

తెలుగు ఇళ్లలో ఎర్ర లిప్‌స్టిక్‌కు మంచి పేరు ఎన్నడూ లేదు. పెళ్లికూతురికి ఒక్క పూట చెల్లేది. నాటకాల వాళ్లకూ సినిమా వాళ్లకూ రోజూ చెల్లేది. మిగతా ఆడపిల్లలు ఎవరైనా వేసుకుని గడప దాటితే వీధి చివరి దాకా మాట పాకేది. అదే లిప్‌స్టిక్‌ను 2015 జనవరిలో ఒక తెలుగమ్మాయి కెమెరా ముందు కూర్చుని కళ్ల కింద పూసుకుంది. నిద్ర చాలని మనిషికి ఉండే నల్లటి వలయాల మీద ఎర్రటి ముద్ద. అద్ది, దానిపైన ఒంటి రంగుకు సరిపడే కన్సీలర్ పట్టించింది. ఎరుపూ పోయింది, నలుపూ పోయింది. రెండు మూడు నిమిషాల పని. ఆ వీడియోను యూట్యూబ్‌లో కోటిసార్లకు పైగా చూశారు.

ఆ అమ్మాయి పేరు దీపిక ముత్యాల. టెక్సాస్‌లో హ్యూస్టన్ నగరాన్ని ఆనుకుని ఉన్న షుగర్ ల్యాండ్‌లో పెరిగింది. వీడియో చేసేనాటికి న్యూయార్క్‌లో ఒక సౌందర్య సాధనాల కంపెనీలో ఉద్యోగం. కొద్ది వారాల్లోనే అమెరికాలో పొద్దున్నే లక్షలమంది ఇళ్లలో మోగే ఎన్‌బీసీ వారి ‘టుడే’ కార్యక్రమం నుంచి పిలుపు వచ్చింది. అక్కడ సౌందర్య నిపుణురాలిగా కనిపించసాగింది. మూడేళ్ల తరవాత తన సొంత సంస్థకు పునాది వేసుకుంది. మన ధారావాహికలో ఇప్పటిదాకా కంపెనీలు ముందు పుట్టాయి, కొనేవాళ్లు తరవాత దొరికారు. దీపిక కథలో ఆ వరుస తిరగబడింది. అందుకే ఈ భాగం మొత్తం ఆమెకు ఇవ్వాల్సి వచ్చింది.

ముందు ఆ ఎరుపు చేసిన పని ఏమిటో చూద్దాం. కంటి కింద చర్మం ఒంట్లో కెల్లా పలచన. లోపలి రక్తనాళాల నీలిఛాయ పైకి కనబడుతుంది. దక్షిణాసియా వాళ్లలో దానికి మెలనిన్ కూడా తోడై ఆ చోటు గోధుమ, నీలం, బూడిద కలిసిన రంగుకు తిరుగుతుంది. దాని మీద నేరుగా లేత కన్సీలర్ పూస్తే నలుపు తగ్గదు, విభూతి పూసినట్టు పాలిపోతుంది. పసుపు తేలిన తెల్ల పంచెను నీలిమందులో ముంచి తీస్తే తెల్లబడుతుంది కదా, ఇక్కడ అదే సూత్రం తలకిందులుగా పనిచేస్తుంది. నీలాన్ని నారింజ, ఎరుపు రంగులు మింగేస్తాయి. సినిమా మేకప్ వాళ్లకు ఇది ఎప్పుడో తెలుసు. మామూలు ఆడవాళ్లకు మాత్రం ఆ పని చేసే వస్తువు దుకాణంలో సులువుగా దొరికేది కాదు. అమెరికా బజారులో అప్పుడు ఎక్కువగా కనబడే సరిదిద్దే రంగులు లేత గులాబీ, లేత పీచు ఛాయల్లో ఉండేవి. అవి తెల్లని ఒంటికి సరిపోతాయి, చామనఛాయకు చాలవు. దుకాణంలో లేని వస్తువుకు బదులుగా తన సంచిలో ఉన్న ఎర్ర లిప్‌స్టిక్ వాడింది దీపిక. కోటిసార్లు చూసిన ఆ వీడియోలో ఉన్నది ఒక చిట్కా మాత్రమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. సరైన సరుకు లేని ఒక పెద్ద బజారు ఆ వీడియో కింద వచ్చి నిలబడింది.

ఆ సరుకు ఎందుకు లేదు? దీనికి జవాబు ప్రయోగశాలల్లోనూ ఫోటో స్టూడియోల్లోనూ దొరుకుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో రంగుల ఫోటోలు కడిగే యంత్రాలను సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ల్యాబులకు ఒక నమూనా బొమ్మ పంపేది. దాని మీద ఒక తెల్లజాతి యువతి ఉండేది. మొదటి మోడల్ పేరు మీద వాటికి షర్లీ కార్డులన్న పేరు పడింది. షర్లీ ముఖం సరిగా వస్తే ఫోటో సరిగా వచ్చినట్టే లెక్క. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన నిలబడితే నల్లవాళ్ల ముఖంలో కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనబడేవి కావు. గోధుమరంగు ఛాయలు బాగా రావడం లేదని కంపెనీని గట్టిగా అడిగినవాళ్లలో చాక్లెట్ల ప్రకటనదారులూ చెక్క సామాను అమ్మేవాళ్లూ ఉన్నారు. మనుషుల ముఖాల కన్నా బల్లల రంగుకు ముందు న్యాయం దొరికిందన్న ఈ సంగతి చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అన్ని రంగుల మనుషులూ ఉన్న కార్డులు 1990ల్లో గానీ రాలేదు.

వైద్యంలోనూ ఇదే తీరు. హార్వర్డ్ చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో ఎండకు చర్మం కందిపోవడాన్ని బట్టి ఒక వర్గీకరణ చేశాడు. మొదట్లో అందులో ఉన్నవి నాలుగు రకాలు, అన్నీ తెల్ల చర్మానివే. గోధుమ, నలుపు చర్మాలకు ఐదో రకం, ఆరో రకం తరవాతెప్పుడో చేర్చారు. అదే 1975లో మన దేశంలో హిందుస్తాన్ లీవర్ ఫెయిర్ అండ్ లవ్లీని బజారులోకి దించింది. అక్కడ కొలతలో మన రంగుకు చోటు లేదు, ఇక్కడ ఆ రంగు పోగొట్టే క్రీముకు గిరాకీ. రెండూ ఒకే ఏడాది కావడం కాకతాళీయమే, కానీ చామనఛాయ ఆడపిల్ల రెండు ఖండాల్లో ఎక్కడ నిలబడి ఉందో ఆ ఒక్క ఏడాది చెప్పేస్తుంది.

ఎదురీదినవాళ్లు లేకపోలేదు. నల్లజాతి పాఠకుల పత్రిక ‘ఎబొనీ’ని నడిపిన జాన్సన్ దంపతుల్లో యూనిస్ జాన్సన్ 1973లో ఫ్యాషన్ ఫెయిర్ కాస్మెటిక్స్ పెట్టింది. తమ ఫ్యాషన్ ప్రదర్శనల్లో మోడళ్లు ఒంటి రంగు కోసం రెండు మూడు ఫౌండేషన్లు కలుపుకోవడం చూసి ఆ పని చేసింది. సోమాలియా మోడల్ ఇమాన్ 1994లో తన సంస్థ ప్రారంభించింది. గాయని రియానా 2017 సెప్టెంబరులో ఫెంటీ బ్యూటీని 40 ఛాయల ఫౌండేషన్‌తో తెచ్చాక గానీ పెద్ద కంపెనీలు అరలు సర్దుకోలేదు. దీపిక సంస్థ వచ్చింది ఆ మరుసటి ఏడాదే.

ఇక మనిషి కథ. అమెరికాలో తెలుగువాళ్లు ఇంతమంది ఉండటానికి మూలం 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం. దేశాల వారీ కోటాలు పోయి చదువుకూ నైపుణ్యానికీ తలుపులు తెరుచుకున్నాయి. గుంటూరు, కృష్ణా, తెలంగాణ జిల్లాల డాక్టర్లూ ఇంజనీర్లూ విమానాలెక్కారు. 1977 నాటికి ఉత్తర అమెరికా తెలుగు సంఘం, మనం తానా అనుకునేది, మొదటి మహాసభ జరుపుకుంది.

ఈ పత్రిక చదివే భిలాయి సెక్టర్ 2 వాళ్లకు ఆ వలస తీరు వేరే చెప్పక్కర్లేదు. 1955 ఫిబ్రవరిలో ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నెస్ మొదలైనప్పటి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రాయపూర్ రైలు పట్టుకుని వచ్చిన కుటుంబాలు ఈ టౌన్‌షిప్ క్వార్టర్లలో ఉన్నాయి. విమానమెక్కిన వలసకూ రైలెక్కిన వలసకూ డబ్బులో పోలిక లేదు. పిల్లల గురించి కన్న కలల్లో మాత్రం పెద్ద తేడా లేదు. భిలాయి అంటే ఐఐటీ ర్యాంకులు కూడా గుర్తొస్తాయి. హ్యూస్టన్ తెలుగు ఇళ్లలోనూ డాక్టరు, ఇంజనీరు, ఆ తరవాతే ఇంకేదైనా. అలాంటి వాతావరణంలో పదహారేళ్ల దీపిక తండ్రితో తాను సౌందర్య సాధనాల సంస్థ పెడతానంది. ఇంటర్వ్యూల్లో ఈ మాట ఆమె చాలాసార్లు చెప్పుకుంది. సెక్టర్ 2లో ఏ పదో తరగతి పిల్లో ఇంట్లో ఆ మాటే అంటే ఎలాంటి నిశ్శబ్దం అలముకుంటుందో ఊహించుకోవచ్చు.

ఆ కోరిక వెనక ఒక బాధ ఉంది. చుట్టూ బంగారు జుట్టు, నీలికళ్ల పిల్లలు. వాళ్లలా కనబడాలని దీపిక కూడా జుట్టుకు లేత రంగు వేయించుకుంది, నీలి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంది. టీవీలో, పత్రికల్లో, దుకాణం అరల్లో ఎక్కడా తనలాంటి ముఖం కనబడకపోతే పిల్లలు తమ ముఖాన్నే మార్చుకోవాలని చూస్తారు. ఇది ఒక్క టెక్సాస్ సంగతి కాదు. పెళ్లి ప్రకటనల్లో తెల్లని వధువు కావాలని అడిగినంత కాలం మన ఊళ్లలోనూ జరిగింది ఇదే.

ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించుకుని ఆమె లోరియల్‌లో పనిచేసింది. తరవాత బర్చ్‌బాక్స్‌లో చేరింది. 2010లో న్యూయార్క్‌లో పుట్టిన ఆ సంస్థ నెలకు పది డాలర్ల చందాకు ఒక చిన్న పెట్టె నిండా నమూనా సౌందర్య సాధనాలు ఇంటికి పంపేది. పూసి చూసుకుని నచ్చింది కొనుక్కోవచ్చు. కొనేవాళ్లు పెట్టె తెరిచాక ఏమంటారో, ఏది పక్కన పడేస్తారో కంపెనీకి వెంటనే తెలిసేది. దీపిక తరవాతి నిర్ణయాలను చూస్తే, కెమెరా ముందు నేర్చుకున్నదాని కంటే ఈ పెట్టెల వ్యాపారంలో నేర్చుకున్నదే ఆమెకు ఎక్కువ అక్కరకొచ్చిందని ఈ రచయిత నమ్మకం.

టీవీ నిపుణులు దుకాణం తెరవడం కొత్తేమీ కాదు. ‘టుడే’ కార్యక్రమంలోనే దీపిక కంటే ముందు 14 ఏళ్లు సౌందర్య విభాగం చూసిన మనిషి బాబీ బ్రౌన్. 1991లో న్యూయార్క్ బెర్గ్‌డార్ఫ్ గుడ్‌మన్ దుకాణంలో పది లిప్‌స్టిక్ రంగులతో ఆమె మొదలుపెట్టింది. నెలకు వంద అమ్ముడైతే చాలనుకుంటే మొదటి రోజే వంద పోయాయి. గులాబీ ఛాయ ఫౌండేషన్లు రాజ్యమేలుతున్న రోజుల్లో పసుపు ఛాయ మీద కట్టిన ఫౌండేషన్లు తెచ్చింది. 1995లో ఎస్టీ లాడర్ ఆ సంస్థను కొనేసింది. దీపిక సంస్థలో పెట్టుబడి పెట్టినవాళ్లలో ఈ బాబీ బ్రౌన్ కూడా ఉండటం చక్కని పరంపర.

అట్లాంటిక్‌కు అవతల బ్రిటన్‌లో ఇంకో రకం ఉదాహరణ ఉంది. ట్రినీ వుడాల్, సుసానా కాన్‌స్టంటైన్ అనే ఇద్దరు మిత్రులు 2001లో బీబీసీలో ‘వాట్ నాట్ టు వేర్’ మొదలుపెట్టారు. మామూలు ఆడమనిషిని అద్దాల గదిలో నిలబెట్టి, నీకు ఈ బట్టలు నప్పవు, ఈ రంగు నప్పదు అని ముఖం మీదే చెప్పేవాళ్లు. నిక్కచ్చితనమే ఆ కార్యక్రమానికి పెట్టుబడి. చూసేవాళ్లు లక్షల్లో ఉండేవారు, నొచ్చుకున్నవాళ్లూ తక్కువేమీ కాదు. చాలా ఏళ్ల తరవాత, 50 దాటిన వయసులో, ట్రినీ తన బీరువాలోని ఖరీదైన బట్టలు అమ్మి డబ్బు కూడగట్టుకుని 2017లో ట్రినీ లండన్ పెట్టింది. ఒకదాని మీద ఒకటి బిగించుకునే చిన్న డబ్బాల్లో క్రీము రంగులు, వెబ్‌సైటులో కళ్లూ జుట్టూ చర్మం వివరాలిస్తే నప్పే ఛాయ చెప్పే ఏర్పాటు. వయసు మళ్లిందని బజారు పక్కనపెట్టిన ఆడవాళ్లు ఆమెకు ఖాతాదారులయ్యారు.

ట్రినీ టీవీలో సలహా చెప్పేది, చూసేవాళ్లు వినేవాళ్లు. దీపిక దగ్గర ప్రేక్షకులే చెప్పేవాళ్లయ్యారు. ఎర్ర లిప్‌స్టిక్ వీడియో కింద వచ్చిపడ్డ మాటల్లో మెచ్చుకోళ్లతో పాటు ఒకే ఫిర్యాదు పదేపదే కనిపించింది: మా రంగుకు ఏదీ సరిపోదు. భారతీయులు, పాకిస్తానీలు, అరబ్బులు, లాటిన్ అమెరికన్లు, నల్లజాతి వాళ్లు అందరిదీ అదే పాట. ఉద్యోగం వదిలి, కొన్నాళ్లు పెద్ద కంపెనీలతో కలిసి పనిచేసి, 2018లో దీపిక లైవ్ టింటెడ్ పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక సమూహం మొదలుపెట్టింది. అప్పటికి అమ్మడానికి చేతిలో ఏ వస్తువూ లేదు. చామనఛాయ, నల్లఛాయ ఆడవాళ్ల ముఖాలు, వాళ్ల కథలు, ఇంట్లో వాళ్లు రంగు గురించి అన్న మాటలు, వాటితో పెరిగిన తీరు. మీకు ముఖం మీద అన్నిటికంటే ఇబ్బంది ఏది అని అడిగితే జవాబు మళ్లీ కళ్ల కింద నలుపు దగ్గరికీ, మచ్చల దగ్గరికీ వచ్చింది.

2019లో వచ్చిన మొదటి వస్తువు హ్యూస్టిక్ ఆ జవాబులోంచే పుట్టింది. లిప్‌స్టిక్‌లా తిప్పితే పైకి వచ్చే రంగు కడ్డీ. కళ్ల కింద పూస్తే నలుపును సరిదిద్దుతుంది. అదే కడ్డీ కనురెప్పలకు, బుగ్గలకు, పెదవులకు పనికొస్తుంది. అంతకు నాలుగేళ్ల ముందు సంచిలో దొరికిన లిప్‌స్టిక్‌తో చేసిన చిట్కాను, ఆ పని కోసమే తయారైన వస్తువుగా మార్చడం అన్నమాట. చూడటానికి చిన్న మార్పు. కానీ కంటి కింద చర్మానికి పట్టే మెత్తదనం, ముదురు రంగు మీద బూడిద తేలకపోవడం, ఒకే కడ్డీ నాలుగు చోట్ల పనిచేయడం ఇవన్నీ కుదరాలి. పెద్ద కంపెనీలు చేయలేని పని కాదిది. చేయాల్సిన అవసరం వాటికి కనబడలేదు, అంతే.

2021లో, అప్పటికి అమెరికాలో సుమారు 1,300 దుకాణాలున్న అల్టా బ్యూటీ లైవ్ టింటెడ్‌ను తన అరల్లో పెట్టింది. దక్షిణాసియా మూలాలున్న వ్యక్తి స్థాపించిన మేకప్ సంస్థ ఆ గొలుసులోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. అదే సమయంలో హ్యూగార్డ్ అనే సన్‌స్క్రీన్ వచ్చింది. ఖనిజ సన్‌స్క్రీన్లలో ఉండే జింక్ ఆక్సైడ్ తెల్లటి పొడి. మన ఛాయ మీద పూస్తే సున్నం కొట్టిన గోడలా తేలుతుందని వాడేవాళ్లందరికీ తెలుసు. హ్యూగార్డ్‌కు బంతిపూల రంగు కలిపి ఆ తెలుపును అణిచారు. మళ్లీ అదే పాత సూత్రం, ఒక రంగుతో ఇంకో రంగును తీసేయడం.

ఈ కథలో మరో తెలుగమ్మాయిని తలచుకోకపోతే లోటే. 2013 సెప్టెంబరులో నీనా దావులూరి మిస్ అమెరికా కిరీటం గెలిచింది. ఆ కిరీటం గెలిచిన మొదటి భారత సంతతి వ్యక్తి ఆమె. తల్లిదండ్రుల మూలాలు విజయవాడలో ఉన్నాయి. గెలిచిన రాత్రే ట్విటర్‌లో జాతివివక్ష మాటలు కురిశాయి. అదే వారంలో ఇక్కడ మన పత్రికల్లో, టీవీల్లో ఇంకో చర్చ నడిచింది: ఇంత రంగు తక్కువ పిల్ల మిస్ ఇండియా గెలవగలిగేదా అని. అక్కడ పరాయిదని తిట్టారు, ఇక్కడ నల్లదని లెక్కగట్టారు. నీనా తరవాత చర్మరంగు వివక్ష మీదే డాక్యుమెంటరీ తీసింది. దీపిక వీడియో వచ్చింది ఆ కిరీటం తరవాత ఏడాదిన్నర లోపే. తమ ముఖాల గురించి తామే మాట్లాడటానికి ఆ తరం తెలుగు పిల్లలు సిద్ధమైన సమయం అది.

ఒక సంశయం మాత్రం దాటవేయకూడదు. నీ రంగు నీదే, సిగ్గుపడకు అని చెప్పే సంస్థ మొదటి వస్తువుగా నలుపును కప్పే కడ్డీనే అమ్మింది కదా అని కొందరు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. తేడా ఒకటుంది. ఫెయిర్ అండ్ లవ్లీ ప్రకటనలు ఉద్యోగం రాని పిల్లను, పెళ్లి కాని పిల్లను చూపించి దానికి కారణం ఆమె రంగేనని చెప్పాయి. హ్యూస్టిక్ ఒంటి రంగును ముట్టుకోదు. కళ్ల కింది నలుపును కాసేపు కప్పుతుంది, సాయంత్రం కడుక్కుంటే పోతుంది. మొదటిది బతుకును తక్కువ చేసి అమ్మింది, రెండోది అలంకారాన్ని అలంకారంగానే అమ్ముతుంది. ఇంకో సంగతి, హ్యూస్టిక్ వచ్చినప్పుడు దాని ధర 24 డాలర్లు, మన లెక్కలో వెయ్యిన్నర రూపాయల పైమాట. నెల జీతంతో ఇల్లు నడిపే కుటుంబంలో అది అమ్మాయి చేతికి అంత సులువుగా అందేది కాదు. మన ఛాయకు సరిపడే రంగు మన ధరకు దొరకడం ఇంకా జరగాల్సిన పనే.

బార్బీ బొమ్మలు చేసే మాటెల్ కంపెనీ 2022లో దీపిక పోలికలతో ఒక సీఈఓ బార్బీని తయారుచేసింది. గోధుమరంగు ఒళ్లు, నల్ల జుట్టు, సూటు, చెవులకు జుంకాలు. 1959లో తొలి బార్బీ వచ్చినప్పటి నుంచి దక్షిణాసియా ముఖంతో సీఈఓ బొమ్మ రావడం అదే తొలిసారి. చిన్నప్పుడు నీలి లెన్సులు పెట్టుకున్న పిల్ల ఆ బొమ్మను చేతిలోకి తీసుకుని ఫోటోలు దిగింది.

(వచ్చే భాగంలో: 2020 జూలైలో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు ఎందుకు మారింది, 45 ఏళ్ల ప్రకటనలు ఏం మిగిల్చాయి.)